సంతోషకుమారి చూపించిన ఇల్లు

ఓక్‌విల్‌లో సరస్సు ఒడ్డున ఫెర్న్‌లీ హౌస్ అని ఓ పాత బంగళా ఉంది. ఇంగ్లండ్ మీద బెంగ తీరని సబ్బుల వ్యాపారి ఒకాయన వందేళ్ల కిందట అచ్చం అక్కడి పల్లె బంగళాలా కట్టించుకున్నాడు. ఏటవాలు కప్పులు, పొడవాటి ఇటుక చిమ్నీలు, గోడల నిండా ఓక్ చెక్క, సీసపు చట్రాల్లో అరచేతంత అద్దాలు. పనివాళ్లకు వెనక వేరే మెట్లు. వాళ్లు కంటపడితే దొరగారికి అన్నం సహించేది కాదు కాబోలు. ఇప్పుడది వారసత్వ కట్టడం. మేకు కొట్టాలన్నా అనుమతి కావాలి.

చూడవచ్చినవాళ్లకు ఈ కథంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేది అక్కడ గైడుగా పనిచేసే మన కాకినాడ సంతోషకుమారి.

జనవరిలో భర్త యెహెజ్కేలు పోయాడు. వారం తిరక్కుండానే ఆవిడ పనిలోకి వచ్చేసింది. ఏడవలేదు. దేవుడిచ్చిన ధైర్యం అన్నారు చర్చి సంఘంలో. ధైర్యమూ లేదు, పాడూ లేదు. లోపలంతా మొద్దుబారిపోయింది, అంతే.

మార్చిలో ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. "అన్నయ్యగారి గురించి నాలుగు మాటలు సాక్ష్యం చెప్పండమ్మా" అన్నారు పాస్టర్ షాలేమ్ రాజు గారు. వారమంతా ఆ నాలుగు మాటలు వెతుక్కుంది. ఆయన చనిపోయారన్న మాటే ఇంతవరకు ఆవిడ నోటివెంట రాలేదు, ఇంకేం చెబుతుంది?

కూడికలో లేచి నిలబడింది. నోరు అలవాటైన దారి పట్టింది.

"ఈ ఇల్లు రెండువేల నాలుగులో కట్టారండి. మేం రెండో ఓనర్లం. ఈ పసుపు పెయింట్ మా ఆయనే వేశారు, నాకు నచ్చలేదు. ఇలా రండి."

జనం మొహమొహాలు చూసుకున్నారు. "మమ్మీ, ప్లీజ్ సిట్ డౌన్" అంది కూతురు ఎలీనా. ఆవిడను ఆపొద్దని పాస్టర్ గారు ఎలీనాకు చెయ్యి ఊపారు. బైబిళ్లు పట్టుకుని అందరూ ఆవిడ వెనకే నడిచారు.

వంటింట్లో భోజనాలకు కూర వేడవుతోంది. స్టవ్ మీది ఫ్యాన్ హోరుమంటోంది.

"ఈ క్యాబినెట్లు ఆయనే ఫిక్స్ చేశారండి, ఒకటి వంకర. ఇది బ్యాక్ డోర్. బయట ఆ మెట్ల దగ్గరే స్నో తీస్తూ పడిపోయారు. నేనిక్కడే చేపలు వేయిస్తున్నా. ఫ్యాన్ ఆన్‌లో ఉంది. పిలిచారేమో, నాకు వినపడలేదు. అక్కడే చనిపోయారు."

వెనక ఎవరో వెక్కివెక్కి ఏడ్చారు. ఎలీనా వచ్చి భుజం పట్టుకుంది. సంతోషకుమారికి మాత్రం అప్పటికీ కన్నీళ్లు రాలేదు. చెయ్యి చాచి ఫ్యాన్ ఆపేసి, తలుపు వైపు చెవి పెట్టి నిలబడింది.