గుమ్మంలో ఆగిన బాపు

అమ్మ పోయాక బాపు ఈ రోజే మళ్లీ డ్యూటీకి బయలుదేరాడు. మొదటి షిఫ్టు. టిఫిన్ డబ్బా చేతికిచ్చాను. బండి దగ్గరికి వెళ్లకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏంది బాపు, ఏమన్న మర్చిపోయినవా?" అన్నాను.

బాపు పెట్టుకున్న హెల్మెట్ తీసి తల వంచాడు.

అప్పుడు అర్థమైంది. ముప్పై ఏళ్లుగా, ఆయన బొగ్గుబాయిలోకి దిగే ప్రతి రోజూ అమ్మ ఇదే గుమ్మంలో ఆయన తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసేది. ఆయన్ని, ఆయనతో దిగేవాళ్లని, నన్ను, నా కూతుర్ని పేరుపేరునా దేవుడికి అప్పజెప్పేది. క్రిస్మస్‌కి తప్ప చర్చికి రాని బాపు, బండి తాళం ఆడిస్తూ విసుక్కునేవాడు.

నెరిసిన ఆ తల మీద చెయ్యిపెట్టి "ప్రభువా" అన్నాను. ఆ తర్వాత మాట రాలేదు. అమ్మ ఉంది కదా అని నేనెప్పుడూ నేర్చుకోలేదు.

బాపు కళ్లు తెరవలేదు. "జల్ది కానియ్యి బిడ్డా, షిఫ్టుకు లేటైతాంది" అన్నాడు. రోజూ అమ్మతో అనే మాటే.

"ఆమెన్" అని పంపించేశాను.

దేవుడితో మాట్లాడే పనంతా అమ్మ ఒక్కదాని మీదే వదిలేసిన ఇల్లు మాది. మీకు తెలిసిన చిన్న ప్రార్థన ఏదైనా ఉంటే కింద రాయండి. రేపు కూడా బాపుది మొదటి షిఫ్టే.