జలోరి ఎక్కిన సన్నికల్లు

ఏడో తరగతితో బడికి దండం పెట్టి, ఎనిమిదో తరగతికి బదులు లారీ ఎక్కినవాణ్ణి నేను. నాకు ఇంగ్లీషు రాదని ఎవరైనా అంటే నవ్వి ఊరుకుంటాను. బండి తోలడం రాదంటే మాత్రం ఆ మనిషిని కిందికి దిగమని చెప్పి మాట్లాడతాను.

ఢిల్లీ జనక్‌పురి టాక్సీ స్టాండులో నాకొక అంబాసిడర్ ఉండేది. ఒళ్ళు నలుపు, నెత్తి పసుపు. కాలనీలో ఉండే తెలుగు ఆఫీసర్లు ఎటు వెళ్ళాలన్నా నన్నే పిలిచేవారు. నా డ్రైవింగు బాగుంటుందని నేననుకునేవాణ్ణి. దారి పొడవునా తెలుగులో కబుర్లు దొరుకుతాయని వాళ్ళనుకునేవారు. వేసవిలో కొందరికి కొండల్లో నడిచే పిచ్చి పట్టేది. కాలిబాట మొదలయ్యే చోట వాళ్ళని దింపి, చెమటలు కక్కుతూ తిరిగొచ్చేదాకా వెనక సీట్లో నిద్రపోవడం నా డ్యూటీ. నడవడానికి టాక్సీ మాట్లాడుకునేవాళ్ళు ఢిల్లీలోనే దొరుకుతారని స్టాండులో సర్దార్జీలతో చెప్పి నవ్వించేవాణ్ణి.

ఏషియన్ గేమ్స్ అయిన మరుసటి వేసవిలో ఒక అండర్ సెక్రటరీ గారూ, వాళ్ళావిడా జలోరి కనుమకి వెళ్ళాలన్నారు. కులూ జిల్లాలో, పదివేల అడుగుల పైన. అక్కడ దిగి అడవిలో రెండు గంటలు నడిస్తే సరస్సు వస్తుంది. కోరిక ఆయనది కాదు, ఆవిడది. ఆరు నెలలుగా చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, కాన్వాసు బూట్లేసుకుని పొద్దున్నే కాలనీ పార్కు చుట్టూ నడుస్తోంది. పార్కులో ఆంటీలు నవ్వినా ఆగలేదు. మూడేళ్ళుగా సెలవు దొరకలేదని ఆయన వాయిదా వేస్తూ వచ్చాడు. ఈ ఏడు నాగపూర్ బదిలీ ఆర్డరు చేతికొచ్చింది. నెలలో ఢిల్లీ ఖాళీ. ఇప్పుడు చూడకపోతే ఇక లేనట్టే.

ఆయన ప్రయాణానికి ప్రోగ్రాం టైపు కొట్టించాడు. కార్బన్ కాపీ ఒకటి నాకూ ఇచ్చాడు. చివరి లైను కింద గీత. "మధ్యాహ్నం పన్నెండు దాటితే నడక రద్దు, వెనక్కి" అని చదివి వినిపించాడు. అడవిలో చీకటి పడితే బాధ్యత ఎవరిదని ఆయన భయం.

"పన్నెండెందుకు సార్, తొమ్మిదిన్నరకి పైన దించుతాను" అన్నాను.

సామాను చూశాక కొంచెం తగ్గాను. బియ్యం సంచి, కిరసనాయిలు స్టవ్వు, ప్రెషర్ కుక్కరు, రెండు ఆవకాయ జాడీలు, ఇత్తడి బిందె. అన్నిటికీ అడుగున గోనెపట్టాలో చుట్టి సన్నికల్లు.

"సార్, నాలుగైదు రోజులకి రాతిని కూడా తీసుకెళ్తున్నారా?"

"పచ్చడి నూరకపోతే నాకు ముద్ద దిగదయ్యా. నువ్వు కట్టు."

క్యారియర్ మీద కట్టాను. బండి వెనక భాగం దించుకుని, తల పైకెత్తి చూసింది.

రెండో రోజుకి కనుమ కింద ఉన్న బంజార్ చేరి అక్కడే పడుకున్నాం. మూడో రోజు పొద్దున్న తొమ్మిదికి షోజా అనే చిన్న ఊళ్ళో టీ తాగాం. పైకి ఇంకా అయిదు కిలోమీటర్లే. రోడ్డంతా పలకరాయి పొడి. మలుపు తిరగ్గానే ఎదురుగా గోడలా లేచిన ఎత్తు.

ఇక్కడే నా తెలివి పని చేసింది. ఏషియాడ్ కోసం కొత్తగా కట్టిన ఫ్లైఓవర్లు మేం ఎలా ఎక్కేవాళ్ళం? కింద నుంచే స్పీడు అందుకుని, సెకండు గేర్లో ఒక్క ఊపున. ఇదీ అంతే అనుకున్నాను. "గట్టిగా పట్టుకోండి సార్" అని తొక్కాను. బండి సగం దాకా వీరుడిలా వెళ్ళి, దగ్గి, ఆగి, వెనక్కి జారడం మొదలెట్టింది. హ్యాండ్‌బ్రేకు లాగితే అది నన్నే లాగింది.

"రాయి! రాయి పెట్టండి!" అని అరిచాను.

ఆయన దూకి రోడ్డు పక్క రాయి ఒకటి చక్రం కింద తోశాడు. అది అప్పడంలా విరిగింది. ఇంకోటి పెట్టాడు, అదీ అంతే. నేను కొండనానించి బండి ఆపేసరికి నా చొక్కా తడిసిపోయింది. ఆవిడ కిందికి దిగి, క్యారియర్ తాళ్ళు విప్పి, "సన్నికల్లు పెట్టండి, గంట్లు కొట్టించిందే కదా, జారదు" అంది. పెట్టాం. జారలేదు.

రేడియేటరు పొగలు కక్కింది. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి అరగంట కూర్చున్నాను. మళ్ళీ సెకండు గేరు. మళ్ళీ అదే కథ. మూడోసారి కూడా. పదిన్నర దాటింది. ఆవిడ మబ్బులోకి పోతున్న రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. నన్ను తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

పైనుంచి బంగాళాదుంపల లారీ దిగుతూ మమ్మల్ని చూసి ఆగింది. డ్రైవరు, తెల్ల మీసాల పహాడీ, తల బయటపెట్టి, "ఓ దిల్లీ భయ్యా, పరుగు పందెమా?" అని హిందీలో నవ్వాడు. "ఎక్కాల్సింది పరిగెత్తి కాదు. అడుగు నుంచే ఫస్టు గేరు వెయ్యి. మనిషి నడిచేంత మెల్లగా పో. బరువు దించు."

నా పదిహేనేళ్ళ సర్వీసులో ఇంత చిన్న మాట నాకెవరూ చెప్పలేదు. చెప్పినా నేను వినే రకం కాదు.

"బరువు దించుదాం సార్. సామాను ఆ షోజా టీ కొట్లో పెట్టి..."

"గవర్నమెంటు ఆఫీసరు వంటిల్లు టీ కొట్లోనా? కుదరదు."

"అయితే నేను దిగుతాను" అంది ఆవిడ. అప్పటికే బూటు లేసు బిగిస్తోంది. "మీరు సామానుతో రండి."

"ఒక్కదానివేనా? టైము పదకొండు! ప్రోగ్రాం ప్రకారం..."

"ప్రోగ్రాంలో నడవమనే కదండీ ఉంది" అని ఆవిడ మలుపు కోసుకుని అడ్డదారిన ఎక్కిపోయింది. ఆయన వెంట వెళ్ళబోయి ఆగాడు. ఆయన కూడా పోతే చక్రం వెనక రాయి పెట్టేవాడెవడు?

అలా మొదలైంది మా ఊరేగింపు. నేను ఫస్టు గేర్లో తాబేలులా. వెనకాల, ఆఫీసులో తన ఫైలు తను మోయని అండర్ సెక్రటరీ గారు, సన్నికల్లుని చంటిపిల్లలా రెండు చేతుల్తో ఎత్తుకుని. ఇంజను వేడెక్కి ఆగినప్పుడల్లా, "సార్, బిడ్డని పడుకోబెట్టండి!" అని కేకేసేవాణ్ణి.

"నీ నోరు... ముందు రోడ్డు చూడవయ్యా!"

కానీ బండి ఎక్కింది. ప్రతి మలుపూ ఎక్కింది. ఆ చివరి ఎత్తు మీద ఇంజను మోత ఒకే తీరున వినిపిస్తుంటే, ఇక ఏ కొండనైనా రమ్మనాలనిపించింది.

పైకి చేరేసరికి పన్నెండూ ఇరవై. గుడి పక్కన టీ కొట్టు ముందు ఆవిడ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉంది. మొహం ఎర్రగా, కళ్ళు మెరుస్తూ. ఆయన ఒళ్ళంతా పలకపొడి. వాచీ చూసుకుని గొంతు సవరించుకున్నాడు.

"పన్నెండు దాటింది."

"మీకు దాటింది" అంది ఆవిడ. "నేను పదకొండూ ముప్పావుకే వచ్చాను. అడగండి."

టీ కొట్టు ముసలాయన మా తెలుగు అర్థం కాకపోయినా ఆవిడ తన వైపు చూపిన వేలు చూసి, "హాఁ జీ, మాతాజీ ఎప్పుడో వచ్చేశారు" అన్నాడు.

ఆయన నా వైపు చూశాడు. నేను బానెట్ లోపలికి తల దూర్చాను. మొగుడూ పెళ్ళాల మధ్య డ్రైవరుకి అంతకంటే మంచి చోటు లేదు. తల బయటికి తీసేసరికి ఆవిడ చెట్లలోకి వెళ్ళిపోతోంది. ఆయన చేతులు దులుపుకుంటూ, "ఆగవే, నీళ్ళ సీసా మర్చిపోయావు!" అంటూ వెనక పరిగెడుతున్నాడు.

అయిదు గంటలకి తిరిగొచ్చారు. ఆవిడ ముందు, ఆయన వెనక. సరస్సు ఎలా ఉందని అడిగితే ఆయన, "చిన్నదేనయ్యా" అన్నాడు. ఆవిడ నీళ్ళ మీద ఒక్క ఆకు కూడా లేదని మాత్రం అంది. తర్వాత కనుమ రెండో వైపుకి వెళ్ళి, కింద లోయలోకి దిగే రోడ్డుని చూసింది.

"అబ్బాయ్, అటు దిగితే ఏమొస్తుంది?"

"ఖనాగ్‌లో డాక్‌బంగళా ఉందట అమ్మగారూ. అక్కణ్ణించి సిమ్లా మీదుగా ఢిల్లీ పోవచ్చు. రోడ్డు మాత్రం ఇంతకంటే అధ్వాన్నమంటున్నారు."

"ప్రోగ్రాంలో లేదు" అన్నాడాయన. కానీ గొంతులో పస లేదు.

ఆవిడ ముందు తలుపు తీసి నా పక్క సీట్లో కూర్చుంది. "అటే పోనీ. రాత్రికి వంట నేనక్కడ చేస్తాను."

ఆయన వెనక ఎక్కాడు. ఆ రోడ్డు నేనెప్పుడైనా చూశానా అని ఎవరూ అడగలేదు, చూడలేదని నేనూ చెప్పలేదు. "ఠీక్ హై అమ్మగారూ" అని స్టార్ట్ చేశాను.