మామ చేయించిన ఫోన్

కర్ణాటకలోని మా చింతామణిలో ఎవరికి ఏ పని కావాలన్నా, మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, ముందు ఒక ఆపిల్ పండ్ల దండ కట్టిస్తాడు. దాన్ని తీసుకెళ్ళి ఊరి లీడర్ మెడలో వేస్తాడు. ఆ తర్వాతే దరఖాస్తు. ట్రాన్స్‌ఫర్‌కైనా, హాస్టల్ సీటుకైనా అదే దారి. మా వైపు దాన్ని ఎవరూ తప్పనుకోరు. నేను మాత్రం మామను ఇంతవరకూ క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు.

పోయినేడు బెంగళూరులోని ఒక పరిశోధనాలయంలో ఉద్యోగం ఉందని ప్రకటన వచ్చింది. కణాలను ఢీకొట్టించి చూసే యంత్రాలుంటాయి. వాటి చుట్టూ ఉండే డిటెక్టర్లలోకి లెక్కలేనన్ని సంకేతాలు వచ్చిపడతాయి. పనికొచ్చేవి ఏ కొన్నో. అన్నిటినీ మోసుకెళ్ళి కంప్యూటర్‌లో పోయడం కుదరదు. అందుకని డిటెక్టర్ మీదే ఒక చిప్ పెట్టి, మన నరాల్లాగా ఏదైనా తగిలినప్పుడే అది స్పందించేలా చేయాలి. గడపలో పడుకున్న కుక్క పరాయి అడుగు పడితేనే మొరిగినట్టు. దీన్ని న్యూరోమార్ఫిక్ కంప్యూటింగ్ అంటారు. నా పీహెచ్‌డీ అంతా దీనిమీదే. ఇలాంటి ఖాళీ ఎప్పుడోగానీ రాదు. వచ్చినా రాకున్నా నా తలకాయతోనే తేల్చుకోవాలని పంతం పట్టాను.

ఇంటర్వ్యూకు ముందు, గుడికి పోదాం రమ్మని మామ నన్ను స్కూటర్ ఎక్కించుకుని లీడర్ ఇంటి ముందు దించాడు. దండ అప్పటికే అక్కడ సిద్ధంగా ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ చేరిన జనం ముందు వెనక్కి తిరగలేక నిలబడ్డాను.

లీడర్ దండ వేయించుకుని, "పాపది ఏం పనప్పా?" అన్నాడు.

"చిప్పులన్నా. కరెంటు మాదిరి. సైంటిస్టు పోస్టు," అన్నాడు మామ.

ఆయన రెండో మాట అడగలేదు. విద్యుత్ శాఖలో తనకు తెలిసిన ఇంజనీరుకు ఫోన్ చేసి, మన అమ్మాయి, చూసుకోండని కన్నడలో చెప్పాడు. ఆ ఇంజనీరుకు నేనెవరో తెలియదు, ఆ పరిశోధనాలయం ఎక్కడుందో కూడా తెలియదు. సరే సరే అన్నాడు. పని అయిపోయిందని మామ మురిసిపోయాడు. పకోడీలు తిని ఇంటికొచ్చాం.

ఇంటర్వ్యూలో నన్ను ఉతికి ఆరేశారు. రేడియేషన్‌కు సెన్సర్ దెబ్బతిని ఉత్తుత్తి సంకేతాలు ఇస్తుంటే నీ చిప్ ఏం చేస్తుందని ఒకాయన పట్టుకుని వదల్లేదు. నేనూ వదల్లేదు. ఊరికే అరిచే చోటును పట్టించుకోవడం చిప్ తనంతట తానే ఎలా తగ్గించుకుంటుందో బోర్డు మీద గీసి చూపించాను. చివరికి ఆయనే తలూపాడు. ఉద్యోగం వచ్చింది, ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. ఆ రోజు నా అంత సంతోషంగా ఎవరూ ఉండి ఉండరు.

ఆ సంతోషంతోనే రెండు రోజులకు మా ఊళ్ళో బస్సు దిగితే, బస్టాండు ఎదురుగా ఫ్లెక్స్. చేతులు జోడించి నిలువెత్తు లీడర్, పక్కన మామ, కింద మూలలో నా ఆధార్ ఫోటో. మా ఊరి అమ్మాయికి ఉద్యోగం ఇప్పించిన నాయకుడికి వందనాలని మామ కన్నడలో రాయించాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

నేరుగా మామ దగ్గరికి వెళ్ళాను. "మామా, ఆ ఫోన్ పోయింది కరెంటోళ్ళకి. నాకు ఉద్యోగమిచ్చింది వేరేవాళ్ళు. ఆ ఫ్లెక్స్ తీసేయ్."

"యాడికి పోతే ఏమమ్మా? పెద్దోళ్ళ మాట పడినాంక యాడన్నా పని చేస్తాది. తెలివుండేటోళ్ళు ఊర్లో శానామంది ఉండారు. వాళ్ళకెందుకు రాలేదు?"

ఆ ముఖం చూడబుద్ధి కాలేదు.

ఆదివారం చిక్కబళ్ళాపురం వెళ్ళాను. కాలేజీలో నాకు ఎలక్ట్రానిక్స్ చెప్పిన సార్ ఇల్లు అక్కడే. లెక్క తప్పితే ఎవరినైనా నిలబెట్టి కడిగేసే మనిషి. ఊరంతా ఏమనుకున్నా, ఆయనొక్కరికి నిజం తెలిస్తే చాలనుకున్నాను.

సార్ కాఫీ ఇప్పించారు. నిజంగానే సంతోషపడ్డారు. నేను చిప్ గురించి మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టారు.

"అదంతా సరేమ్మా. వాట్సాప్‌లో ఫ్లెక్స్ చూసినాలే. ఈ కాలంలో పైనుంచి మాట లేకుంటే ఏదీ కాదు. మావాడు బీఈ చేసి ఇంట్లోనే ఉండాడు. మీ మామకి ఒక మాట చెప్తావా?"

"సార్, ఈ ఉద్యోగం నేను తెచ్చుకున్నాను. ఎవురూ ఇప్పించలేదు."

"అవునమ్మా, అవును," అన్నారు, ఏడ్చే పిల్లను ఊరడించినట్టు. "మామకి చెప్పేది మాత్రం మర్చిపోవద్దు."