బొమ్మ చెప్తేనే బైండింగు

మంగళవారం పొద్దున పదకొండు గంటలకు విఠల్ మామ, కమలనగర్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషితో ఎద్దు గురించి తగాదా పడ్డాడు. అది కొట్టంలో ఎద్దు కాదు. బైండింగుకు తెచ్చిన పిల్లల బొమ్మల పుస్తకంలో పదో పేజీ ఎద్దు.

“తెల్లది,” అన్నాడు పెద్దమనిషి.

“ఎట్లాంటి తెలుపు? పాల తెలుపా, సున్నం తెలుపా?”

“నీ కండ్ల ముంగటనే ఉన్నది గదా, చూసుకోరాదా?”

“నేను చూసుడు కాదు, నువ్వు చెప్పుడు గావాలె. జర గట్టిగ చెప్పు.”

పెద్దమనిషి కోపంగా ఎదుటి హోటల్‌కు పోయి చాయ్ తాగాడు. చాయ్‌తో మెత్తబడి, సున్నం తెలుపేనని ఒప్పుకోవడానికి తిరిగొచ్చేసరికి, విఠల్ మామ పుస్తకాలు బిగించే కొయ్య శికంజ మీద చెయ్యి పెట్టుకుని, గోడకు ఒరిగి, ఇక ఏ రంగూ అడగని చోటికి వెళ్ళిపోయాడు.

ఆయనకున్న పిచ్చి అదొక్కటే. ఊరి నడుమ చౌబారా బురుజు వెనుక సందులో నలభై ఏళ్ళు కూర్చుని పుస్తకాలు కుట్టించాడు, అట్టలు వేశాడు. ఆఫీసు రిజిస్టర్ ఇస్తే నోరెత్తడు. ఉర్దూ పుస్తకం ఇస్తే కళ్ళకద్దుకుని పక్కన పెడతాడు. కానీ బొమ్మల పుస్తకం ఇచ్చారో, స్టూల్ జరిపి, “కూసో. చెప్పు,” అంటాడు. మొదటి బొమ్మ నుంచి ఆఖరి బొమ్మ దాకా, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, మొహం ఎట్లా పెట్టారు, చీర ఏ రంగు, అంచు ఏ రంగు, అన్నీ చెప్పాలి. గొంతు ఎత్తి చెప్పాలి. చెప్పనిదే సూదిలో దారం ఎక్కదు.

“కథ ఎందుకు మామా?” అని అడిగిన వాళ్ళకు జవాబు సిద్ధంగా ఉండేది.

“నేను ఉర్దూల, కన్నడల సదివిన. తెలుగు మాట్లాడుడే గాని సదువరాదు. ఏది మొదలో ఏది కొసో నాకెట్ల తెల్వాలె?”

దీనికి సాక్ష్యం కూడా ఉంది. కిరాణా హోల్‌సేల్ వెంకట్‌రావు బొమ్మల భాగవతాన్ని మామ ఒకసారి ఉర్దూ పుస్తకంలాగా కుడివైపు కుట్టించి ఇచ్చాడు. వెంకట్‌రావు భక్తితో అట్ట తెరిస్తే ఆఖరి పేజీ, మంగళహారతి.

“మొదలే హారతి ఇచ్చేస్తే నేనేం సదవాలె?” అని ఆయన లబలబలాడాడు.

“ఇంట్ల అందరు సదివినట్టే లెక్క. ప్రసాదం పంచుండ్రి,” అన్నాడు మామ.

“సరే మామా, కథ అంటే అర్థమైంది. రంగులెందుకు?”

“అట్ట రంగు కుదరద్దా?”

“మరి ఆ అరుసుడెందుకు?”

“చెవులు మందం బిడ్డా.”

ఆ చెవుల సంగతి సందంతా ఎరుగుదురు. ఒక టీచరు, పుస్తకం తీసుకుని మెట్లు దిగి, రోడ్డు దాటి, తనలో తాను “పిచ్చి ముసలోడు” అని గొణుక్కుంటే లోపలి నుంచి గొంతు వచ్చింది: “ముసలోడు అను, ఒప్పుకుంట. పిచ్చి అనకు!”

కొట్టు వెనుక భాగానికి ఒక ఆకుపచ్చ పరదా ఉండేది. కుట్టుపని అంతా దాని వెనుకే. మామ కాగితాలు పట్టుకుని లోపలికి పోతాడు, కుట్టినవి పట్టుకుని బయటికి వస్తాడు. ఇంకెవర్నీ పోనివ్వడు. అప్పుడప్పుడు పరదా వెనుక చప్పుడయ్యేది.

“ఎలుక,” అనేవాడు మామ.

“దగ్గుతాంది మామా ఆ ఎలుక.”

“చలికాలం గదా.”

లీల ఈ మనిషి చేతికి చిక్కింది నిరుడు శ్రావణంలో. జహీరాబాద్ అమ్మాయి. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగమై వచ్చి చిద్రి వాడలో అద్దెకు ఉంటోంది. ఆమె అక్క ప్రతిమ హైదరాబాద్‌లో. మూడేళ్ళ కింద ఒక పెండ్లి భోజనాల దగ్గర అక్కాచెల్లెళ్ళకు మాటామాటా వచ్చింది. ఏం మాటో ఇప్పుడు ఇద్దరికీ సరిగా గుర్తు లేదు. మాట్లాడుకోకూడదన్నది మాత్రం బాగా గుర్తుంది.

ఒక శనివారం బావ సుశీల్ ఫోన్ చేశాడు. ప్రతిమ గొంతులో గడ్డ, శుక్రవారం పొద్దున ఆపరేషన్. “ప్రాణానికేం భయం లేదంటున్రు. గొంతు మాత్రం... మాట మునుపటి తీరు వస్తదో రాదో ఇప్పుడే చెప్పలేమన్నరు. ఇష్టముంటే రా,” అన్నాడు.

అక్క గొంతు లీలకు అన్నిటికన్నా ముందు ఒక గాడిద గొంతుగా తెలుసు. చిన్నప్పుడు ఇంటికి వచ్చే పిల్లల మాసపత్రికలో “గాడిద మంత్రి” అని బొమ్మల సీరియల్ ఉండేది. రాజ్యం పోయిన రాజకుమారి, ఆమెకు మంత్రిగా ఒక ముసలి గాడిద. గాడిద తనను తాను “మేము” అనుకునేది. రాజకుమారి మాటలు లీల చదివేది, గాడిద మాటలు ప్రతిమ చదివేది. అమ్మ ఆ పేజీలు కత్తిరించి ట్రంకు పెట్టెలో దాచింది. ముప్పై అయిదు నెలలవి. ముప్పై ఆరోది, ఆఖరిది, వాళ్ళ ఇంటికి రానేలేదు.

ఉత్త చేతులతో పోతే నోరు పెగలదని లీలకు తెలుసు. ఆ పేజీలన్నీ ఒక్క పుస్తకంగా కట్టించి, గొంతు ఉండగానే అక్క చేతిలో పెట్టాలి. శనివారం సాయంత్రమే తన దగ్గరున్న ఆ పెట్టెలోంచి మూట తీసుకుని విఠల్ మామ దగ్గరికి పోయింది.

“కూసో. చెప్పు,” అన్నాడు మామ.

నాలుగు సాయంత్రాలు చెప్పింది. ఆఫీసు విడిచాక వచ్చి, ఆటోల హారన్‌ల మీదుగా అరిచి చెప్పింది. రాజకుమారి ఓణీ వంకాయ రంగు, నది ముదురు నీలం, గాడిద బూడిద రంగు.

“ఏం బూడిద? పిడకల బూడిదా, బొగ్గుల బూడిదా?”

“పిడకలది మామా, పిడకలది!”

నాలుగో రోజుకు ఎదుటి హోటల్ ఫిలిప్పు చాయ్ ఇవ్వడం మానేసి గడపలో నిలబడ్డాడు. “అక్కా, నిన్న గాడిదను జైలుల పెట్టిన్రు గదా, ఇడిసిన్రా?” అని అడిగాడు.

గురువారం మధ్యాహ్నం మూడుంబావుకు లీల బ్యాగు సర్దుకుని కొట్టుకు వచ్చింది. నాలుగున్నరకు హైదరాబాద్ బస్సు. అది తప్పితే ఎనిమిదిన్నరలోపు ఆసుపత్రికి అందదు, ఆ తర్వాత వార్డులోకి రానివ్వరు, తెల్లారితే ఆపరేషన్.

పుస్తకం ఇంకా బల్ల మీదే ఉంది. ముప్పై అయిదు నెలలూ కుట్టారు, ముందు అట్ట వేశారు. వెనుక అట్ట పక్కన పడి ఉంది.

“మామా! ఏంది ఇది?”

“నువ్వు కొస చెప్పలే.”

“కొస నా దగ్గర లేదని చెప్పిన గదా! ఆఖరి పుస్తకం రాలే!”

“కొస లేని పుస్తకానికి వెనుక అట్ట ఎట్ల వెయ్యాలె? అక్కడ అయిపోయిందని ఎట్ల అనాలె?”

“మామా, నాకు బస్సు ఉన్నది.”

“బస్సు రోజు ఉంటది.”

“మా అక్కకు రేపు గొంతు కోస్తున్రు!” లీల అరిచింది. ఇంతకు ముందెప్పుడూ మామ అడక్కుండా అంత గట్టిగా ఆమె అరవలేదు. “మాట పోతదేమో తెల్వదు. మూడేండ్లాయె ఆమె మాట ఇని. గాడిద మాటలు ఆమెనే సదివేది. ఇయ్యాల పోకుంటె నేను మల్ల ఎన్నడు ఇనాలె?”

ఫిలిప్పు చేతిలో గ్లాసులు ఆగిపోయాయి. మామ గోడ గడియారం చూశాడు. మూడు నలభై. పరదా వైపు చూశాడు.

“అయితే కొస నువ్వే చెప్పు,” అన్నాడు మెల్లగా.

“నేనా?”

“ముప్పై అయిదు నెలలు చెప్పినవు. ఇంకొక్కటి చెప్పలేవా? జల్ది. గట్టిగ.”

లీల కళ్ళు మూసుకుంది. నోటికి ఏదొస్తే అది మొదలుపెట్టింది. వరద వచ్చింది. రాజకుమారి మునుగుతోంది. గాడిద దూకి ఆమెను వీపు మీద ఒడ్డుకు చేర్చింది. ఇక్కడ ఆమె కళ్ళు తెరిచి గడియారం చూసింది. మూడు యాభై రెండు.

“చేర్చి?” అన్నాడు మామ.

“చేర్చి... సచ్చిపోయింది. రాజకుమారికి రాజ్యం దొరికింది. అయిపోయింది. అట్ట వెయ్యి మామా!”

పరదా వెనుక ఏదో ఠంగుమని కిందపడింది.

“ఎలుక,” అన్నాడు మామ. కానీ ఈసారి లేచి లోపలికి పోయాడు. గుసగుసలు వినిపించాయి. నాలుగు గంటలైంది. లీల పరదా లాగేద్దామా అనుకుంది. నాలుగు దాటి అయిదు నిమిషాలు. మామ పుస్తకం కోసం ఒకసారి బయటికి వచ్చి, దాన్ని పట్టుకుని మళ్ళీ లోపలికి పోయాడు.

“మామా, కాళ్ళు మొక్కుత!”

నాలుగూ పన్నెండుకు పుస్తకం బయటికొచ్చింది. మామ లేయి జిగురు పూసి వెనుక అట్ట వేశాడు, రెండు చెక్కల మధ్య పెట్టి సుతిలి తాడుతో బిగించాడు. “పచ్చిగ ఉన్నది. తెల్లారేదాక తెరువద్దు. తెరిస్తే అట్ట ఊడుతది.”

ఫిలిప్పు అప్పటికే ఆటో పిలిచి పెట్టాడు. స్టాండ్‌లో బస్సు గేరు వేస్తుండగా లీల ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టింది.

ఆ రాత్రి ఆసుపత్రిలో అక్కాచెల్లెళ్ళ మధ్య రెండు చెక్కల పుస్తకం కూర్చుంది. తెరవకూడదు కాబట్టి దాని గురించి మాట్లాడకూడదు, అది తప్ప మాట్లాడడానికి ఇంకేం లేదు. పొద్దున ఆరు గంటలకు ప్రతిమే సుతిలి విప్పింది. ఒక్కో నెలా తిప్పి ఆఖరుకు వచ్చింది.

“కొస?” అంది. మూడేళ్ళ తర్వాత మొదటి మాట.

“నేనే చెప్పిన. గాడిద సచ్చింది.”

ప్రతిమ చెల్లెల్ని ఎగాదిగా చూసింది. స్ట్రెచర్ తోసుకొచ్చిన నర్సు కూడా ఆగిపోయేటట్టు, వార్డంతా వినపడేటట్టు, గాడిద గొంతు పెట్టి అంది: “మహారాణీ, మేము చావలేదు. గడ్డి మేస్తున్నాము.”

ఆపరేషన్ బాగానే అయింది. పది రోజులు ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నారు. ప్రతిమ సైగతో పెన్ను అడిగింది. కాగితం కోసం వెతికితే పుస్తకం వెనుక తెల్లకాగితాలు కనపడ్డాయి. అట్ట బిగువు కోసం వేసి ఉంటాడనుకుంది లీల. మొదటి కాగితం మీద ప్రతిమ “మజ్జిగ” అని రాసింది. రెండోదాని మీద “ఫ్యాను తక్కువ చెయ్యి.” మూడు, నాలుగు కాగితాలు లీల లావైందన్న విషయానికి పోయాయి. తొమ్మిదో కాగితానికి ఆ పెండ్లి భోజనాల సంగతి వచ్చింది. పదో కాగితం నిండా తిట్లే. పన్నెండో కాగితం మీద ఉన్నది లీల ఇప్పటికీ ఎవరికీ చూపించదు.

గొంతు కొంచెం బొంగురుపోయింది. గాడిదకు ఇంకా బాగా నప్పింది.

మామకు ఈ సంగతంతా చెప్పాలని లీల అనుకుంటూనే ఉంది. కానీ ఆ సందులోకి పోతే స్టూల్ జరిపి “కూసో, చెప్పు. ఆసుపత్రి గోడలు ఏ రంగు?” అంటాడని భయం. వచ్చే ఆదివారం తీరిగ్గా పోదామనుకుని, పక్క సందులోంచి ఆఫీసుకు పోయేది. ఏడాది ఆదివారాలు అట్లాగే గడిచాయి.

మామ పోయిన మంగళవారం తర్వాత, గురువారం నాడు, ఆమె కొట్టుకు పోయింది. ఆకుపచ్చ పరదా పక్కకు తీసి ఉంది. లోపల చాప మీద ఒక ముసలామె కూర్చుని పుస్తకం కుడుతోంది. సూది ఎక్కడ దిగాలో ఎడమచేతి బొటనవేలు ముందుగా తడిమి చెబుతోంది. కళ్ళు గోడ వైపు, ఎటూ కానివైపు ఉన్నాయి.

“ఎవరూ?” అంది, చిన్నగా దగ్గి.

“నేను... లీలను. విఠల్ మామ...”

“గాడిద పొల్లవా!” ఆమె మొహం వెలిగింది. “రా బిడ్డా, కూసో. నేను శరణమ్మను. ముప్పై ఏండ్ల సంది ఈడ కుట్టుపని నాదే. షుగర్‌తోని కండ్లు పోయి ఎనిమిదేండ్లాయె. కండ్లు లేని దానితోని కుట్టిస్తున్నడని తెలిస్తే పుస్తకాలు ఎవరిస్తరు? అందుకని విఠలయ్య పరదా కట్టిండు.”

లీల స్టూల్ జరుపుకుని కూర్చుంది. “మరి ఆ బొమ్మలు... రంగులు...”

“నాకే గావాలె. రిజిస్టర్లు ఊకెనే కుడుత. బొమ్మల పుస్తకం చేతికొస్తె మాత్రం పానం ఊకోదు. ఏం బొమ్మ కుడుతున్ననో తెల్వకుంట ఎట్ల కుట్టాలె? విఠలయ్య చెప్తె బాగుండదు, అన్నిటికి ‘మంచిగున్నది’ అంటడు. అందుకని మీతోని చెప్పిచ్చిండు.” ఆమె నవ్వింది. “పిచ్చి నాది బిడ్డా. పేరు ఆయనకొచ్చింది.”

లీలకు నవ్వొచ్చింది, ముక్కు కూడా కారింది.

“నీతోని మాత్రం నాకు కొట్లాట ఉన్నది,” అంది శరణమ్మ. “గాడిదను సంపుతవా? కత్తెర ఇసిరికొట్టిన. ఇగ నేను కుట్టనన్న. విఠలయ్య లోపలికొచ్చి నా గడ్డం పట్టుకున్నడు. ‘ఆ పొల్లకు బస్సుకు టైమైంది శరణమ్మా, అందుకే సంపింది. వెనుక నాలుగు తెల్లకాగితాలు కుట్టు, గాడిదను అక్కచెల్లెండ్లు నిమ్మలంగ లేపుకుంటరు,’ అన్నడు.”

“నాలుగా?”

“ఆయన నాలుగే అన్నడు. నేను పదహారు కుట్టిన,” అంది శరణమ్మ, దారం కొరికి. “ముసలి గాడిద గదా, లేవాలంటె టైం పడుతది.”