బయటికక్క

మా ఆస్పత్రిలో అందరూ ఆమెను బయటికక్క అంటారు. ఎదురుగా మాత్రం అనరు, అంత ధైర్యం ఎవరికుంది? దెబ్బ తగిలి ఎవరొచ్చినా, వెంట వచ్చింది మొగుడైనా, తండ్రైనా, ఎంత పెద్ద మనిషైనా, "మీరు కాస్త బయట కూర్చోండి" అన్నదే ఆమె మొదటి మాట. ఆ తర్వాత తలుపు వేసి, మంచం పక్కకి స్టూలు లాక్కుని, మెల్లగా అడుగుతుంది: "ఎలా తగిలిందమ్మా? ఎవరైనా కొట్టారా?"

అలా అడగడమే మా ఉద్యోగం. ప్రజారోగ్య శాఖ వాళ్ళు ఎమర్జెన్సీ వార్డు పక్కన గాయాల నివారణ విభాగమని ఒక గది పెట్టి, నర్సులమైన మా ఇద్దరినీ అందులో కూర్చోబెట్టారు. కట్టు కట్టడం డాక్టర్ల పని. ఆ దెబ్బే మళ్ళీ తగలకుండా, ఇంకొకరికి తగలకుండా చూడడం మా పని. బడి ముందు మలుపులో బళ్ళు జారుతున్నాయని ఒకరి తర్వాత ఒకరు చెబితే, మేం రోడ్ల వాళ్ళ వెంటపడి అక్కడి ఇసుక ఊడ్పించాం, స్పీడ్ బ్రేకర్ వేయించాం. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడవాళ్ళకి తలదాచుకునే చోటు, మాట్లాడి ధైర్యం చెప్పే కౌన్సిలరు, లాయరు, అన్నీ మా శాఖే చూస్తుంది. కాకపోతే ముందు వాళ్ళు నోరు విప్పాలి కదా. కొట్టినవాడు పక్కనే నిలబడితే ఏం విప్పుతారు? అందరూ బాత్రూములోనే జారి పడతారు. మా ఊరి బాత్రూములంత నున్నటివి ఈ భూమ్మీద ఎక్కడా ఉండవు.

నాకు ఓపిక తక్కువ. ఒక్కోసారి "చెప్పవేంటమ్మా, నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నావా?" అని గదమాయించేదాన్ని. అక్క నా జబ్బ గిల్లేది. "నువ్వూ గదిమితే ఇక ఆ మొగుడికీ నీకూ తేడా ఏముందే?" అనేది. ఆమె అడిగితే రాళ్ళు కూడా మాట్లాడతాయని మా డాక్టరుగారు అంటుండేవారు. భర్త పోయాక ఒక్క కొడుకునీ ఈ జీతంతోనే పెంచింది. వాడి మాట ఎప్పుడెత్తినా "మావాడు నోట్లో నాలుక లేనివాడు" అనేది. నేనూ నమ్మాను.

ఒకరోజు పొద్దున్నే ఆ నోట్లో నాలుక లేనివాడే పెళ్ళాన్ని తీసుకొచ్చాడు. మణికట్టు బూరెలా పొంగింది. కంటి కింద నల్లగా కమిలింది.

"బాత్రూములో జారిందమ్మా," అన్నాడు.

"అవునత్తయ్యా," అంది కోడలు, నేల చూస్తూ.

అక్క గబగబా లేచి ఆమె మొహం తుడిచింది, మంచినీళ్ళు పట్టింది, ఎక్స్‌రేకి చెప్పింది. అన్నీ చేసింది. చివరికి నా వైపు తిరిగి, "పొద్దున్నే నేలంతా తడిగా ఉంటుంది కదే," అంది.

నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను. ఇన్నేళ్ళలో ఆ మాటని ఒక్కరి దగ్గరైనా నమ్మిన మనిషి కాదు. నాకు ఒళ్ళు మండింది.

"బాబూ, నువ్వు కాస్త బయట కూర్చో," అన్నాను. అతను తల్లి వంక చూశాడు. తల్లి కిటికీ వంక చూసింది. చేసేది లేక వెళ్ళాడు. అక్క మాత్రం కదల్లేదు.

"అక్కా, మీరు కూడా."

"నేనెందుకే? నేనిక్కడి నర్సునేగా."

"ఇప్పుడు కాదక్కా. ఇప్పుడు మీరు ఆ అమ్మాయి అత్తగారు."

కోడలు మొదటిసారి తలెత్తింది. ఉండమని అనలేదు. అక్కకి తల కొట్టేసినట్టయింది. తలుపు తీసుకుని బయటికి నడిచింది.

ఆ అమ్మాయి అంతా చెప్పింది. కొత్తగా మొదలైంది కాదు. మధ్యమధ్యలో "ఆయన మంచివాడేనండీ" అని కూడా అంది, అందరూ అన్నట్టే. వాళ్ళన్నయ్య ఇంటికి వెళ్ళిపోతానంది. భయమల్లా కూతురి గురించే. "పాప పక్కింట్లో ఉంది. ఆయన ఇవ్వరండీ. అత్తయ్య కూడా ఆయన వైపే ఉంటే ఇక నాకు పాప దక్కదు," అని కొంగు నోట్లో కుక్కుకుంది.

కౌన్సిలరుకి ఫోన్ చేసి పిలిపించి, తలుపు తీశాను. వరండాలో కొడుకు తల్లికి నచ్చజెబుతున్నాడు. "నువ్వొక్క మాట చెబితే మీవాళ్ళు వదిలేస్తారు కదమ్మా. మన పరువేం కాను?"

అక్క అతన్ని దాటుకుని నేరుగా నా ముందుకొచ్చి నిలబడింది.

"నన్ను కూడా అడగవే," అంది.

"ఏమడగను అక్కా?"

"వాళ్ళ గదికీ నా గదికీ మధ్య ఒక్కటే గోడ. నాకు వినపడేది. టీవీ సౌండు పెంచుకునేదాన్ని. తెల్లారి ఇక్కడికొచ్చి ఊళ్ళో ఆడవాళ్ళందర్నీ అడిగేదాన్ని. నా ఇంట్లో ఉన్నదాన్ని ఒక్కసారీ అడగలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నానే." అని కౌన్సిలరు వైపు తిరిగింది. "ఈ మాటలు ఎక్కడ చెప్పమంటే అక్కడ చెబుతానండీ. పాప తల్లితోనే వెళ్ళాలి."

"అమ్మా!" అన్నాడు కొడుకు.

"నువ్వు ఇంటికి రాకు," అంది.

తనే పక్కింటికి వెళ్ళి పాపని, బట్టల సంచీని తెచ్చింది. మధ్యాహ్నానికి కోడలు చేతికి కట్టుతో, ఒళ్ళో పాపతో గేటు దగ్గర ఆటోలో కూర్చుంది. అక్క ఆటో కమ్మీ పట్టుకుని వదల్లేదు. కోడలి మొహం చూసే మొహం లేక, పాప కాళ్ళు చూస్తూ మాట్లాడింది.

"వినపడనట్టు పడుకున్నానమ్మా. ఇలాంటి అత్త పగవాళ్ళకి కూడా వద్దు. నన్ను నాలుగు మాటలు అనమ్మా."

కోడలు కోప్పడలేదు. పాప జుట్టు సర్దుతూ అంది:

"మీకు వినపడుతుందని నాకు తెలుసత్తయ్యా. అందుకే గట్టిగా ఏడ్చేదాన్ని."

అక్క కమ్మీ వదిలేసింది. "పోనివ్వమంటారా?" అని డ్రైవరు అడిగితే, నేనే పోనివ్వమన్నాను.