కింది వరుస

కోట గుమ్మం బయట నాది బార్లీ కల్లు దుకాణం. పక్క వాకిలి లుక్కోది. రోము సిపాయిలకు మొక్కుబడి రాళ్లు చెక్కడం అతని పని. జ్వరం తగ్గితే ఒక రాయి, పై ఉద్యోగం వస్తే ఒక రాయి. దేవుడు ఎవరైనా, మొక్కినవాడు ఎవరైనా కింది వరుస మాత్రం ఒకటే: "ఇష్టంగా, సంతోషంగా మొక్కు తీర్చుకున్నాను." అందుకే పని లేనప్పుడు లుక్కో ఆ వరుస ముందే చెక్కేసి, పైభాగం ఖాళీగా వదిలి రాళ్లను వాకిట్లో నిలబెట్టేవాడు. గీచిగీచి బేరమాడి, దేవుణ్ణీ లుక్కోనీ కలిపి తిట్టుకుంటూ మోసుకెళ్లినవాళ్లంతా రాతి మీద సంతోషంగానే ఉన్నారు.

ఒక చలికాలం అతని భార్య వెర్తిస్సాకు ఊపిరాడని దగ్గు పట్టుకుంది. లుక్కో ఊట దేవత దగ్గరికి పరుగెత్తి, ఆమె బతికితే మేలైన రాయి నిలబెడతానని మొక్కాడు. బతికింది. మేలైన రాయి తెచ్చాడు, అలవాటు కొద్దీ కింది వరుస చెక్కాడు. అంతలో ఒక దళపతికి తన రాయి తొందరగా కావాల్సి వచ్చింది. తరవాత ఇంకొకరికి. అలా ఏడేళ్లు గడిచాయి.

"ఏవయ్యా, నా మొక్కు ఎప్పుడు తీరుస్తావ్?" అని వెర్తిస్సా రోజూ సతాయించేది.

"తీరిందని రాసే ఉంది గదే. చదువుకో."

"నాకు చదువు రాదు. దేవతకి వచ్చుగా?"

"ఏడేళ్లు ఊరుకుందంటే ఆవిడకీ రానట్టే!"

నేనూ పడీపడీ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఎనిమిదో చలికాలం దగ్గు తిరగబెట్టింది. దళపతులను పొమ్మని లుక్కో ఉలి పట్టాడు. దేవత పేరు సగానికి వచ్చేసరికి వెర్తిస్సా పోయింది.

ఆ సగం పేరు చెరిపి, అక్కడే భార్య పేరు చెక్కాడు. బాట పక్కన ఆమె సమాధి మీద రాయి పాతడానికి గొయ్యి తవ్వుతుంటే నేనూ వెళ్లాను.

"అంత లోతెందుకు లుక్కో?"

"కింది వరుస కనపడకూడదక్కా."

"దాన్నీ చెరిపేస్తే పోయేదిగా?"

"ఉలి పెట్టాను. చెయ్యి రాలేదు. అది బతికుండగా దానికోసం నేను చెక్కింది ఆ ఒక్క వరుసే."

రాయి దించి, మట్టి పోసి, కాలితో తొక్కి గట్టిచేశాడు.