ఆవిడ నడిచినంత వేగం

మొన్న పుట్టినరోజుకి మా అమ్మాయి నా చేతికో గడియారం కట్టింది. టైము చెప్పి ఊరుకోదది, నేనెంత వేగంగా నడుస్తున్నానో కూడా లెక్కగట్టి, తనకి నచ్చకపోతే మణికట్టు మీద బుర్రుమంటుంది. నిన్న వాట్‌గంజ్ దిగువన హుగ్లీ నది ఒడ్డున నడుస్తుంటే అలాగే బుర్రుమంది, వేగం చాలలేదట. ఓసి పిచ్చిదానా, పండుగప్ప చేపని పట్టాలంటే సరైన వేగం ఇదే కదే అని పైకే అనేశాను. పక్కన చాయ్ తాగుతున్న కుర్రాళ్ళు నాకేసి ఓ చూపు చూసి మళ్ళీ ఫోన్లలో పడిపోయారు.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకుల చుట్టూ మన శ్రీకాకుళం వైపు వాళ్ళం ఎంతమందిమి ఉండేవాళ్ళమో. తక్కినవాళ్ళు ఓడల్లో బస్తాలు మోయడానికో, కార్పొరేషన్‌లో పనికో కుదిరితే, నేను సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణి కాబట్టి మేమంతా దాదా, అంటే అన్న, అని పిలిచే ఓ బెంగాలీ ఆయన చేపల పడవ మీద చేరాను. హుగ్లీ మొత్తం మీద నా అంత పడవ నడిపేవాడు లేడని చెప్పుకునేవారు. చెప్పుకునేవారంటే, నేనే చెప్పేవాణ్ణి, వాళ్ళు వినేవారు.

దాదాకి ఓ పిచ్చి ఉండేది, కదిలే పడవ వెనకాల గాలం ఈడ్చుకుపోతూ పండుగప్పని పట్టాలని. దానికి కిటుకంతా వేగంలోనే ఉంది. పడవ జోరుగా పోతే గాలానికి ఎరగా కట్టిన ఇత్తడి చెంచా డొప్ప నీళ్ళ పైకొచ్చి గంతులేస్తుంది, మరీ నెమ్మదిస్తే రాయిలా అడుక్కి దిగిపోతుంది. మనిషి బజారు నుంచి సంచీ పట్టుకుని ఇంటికొచ్చేంత నిదానంగా పోతేనే ఆ డొప్ప దెబ్బతిన్న చిరుచేపలా తడబడుతుంది, కాలి బొటనవేలికి చుట్టుకున్న తాడు జివ్వుజివ్వుమంటుంది. మా పడవకి బిగించిందేమో పొలాలకి నీళ్ళు తోడే డీజిలింజను. ఎంత తగ్గించినా పరుగే, ఇంకా తగ్గిస్తే దగ్గి ఆగిపోయేది. అప్పుడు నాకో ఉపాయం తట్టింది, వెనకాల ఓ బాల్చీ కట్టి ఈడిస్తే అది నీళ్ళు మింగి పడవని వెనక్కి పట్టి ఉంచుతుందని. లోకంలో దీన్ని మొదట కనిపెట్టింది నేనే. సరే, మా ఊళ్ళో పెదనాన్న తెరచాప పడవకి గోనెసంచి కట్టడం చిన్నప్పుడు చూశాను.

బాల్చీ మా ఆవిడది. అప్పటికి ఆవిడ కాపురానికొచ్చి మూడు నెలలు కాలేదు. భాష రాదు, మాది కిటికీ లేని ఒంటి గది, బాల్చీలు వరస పెట్టుకునే వీధి కుళాయి దగ్గర ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడేది కాదు. ఊరికి పంపించెయ్యమని ఒకటే పోరు. ఆ వారం బట్టలు మూటగట్టి తలుపు పక్కన పెట్టేసింది. ఆదివారం హౌరాలో రైలెక్కించకపోతే తనే అడుక్కుంటూ వెళ్ళిపోతానంది. ఉండిపొమ్మని అడగాలని ఉండేది, అడగలేకపోయేవాణ్ణి. ఆ మూట కళ్ళపడకుండా, బాల్చీ పట్టుకుని, ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంచా కూడా పట్టుకుని పడవ మీదకి పారిపోయాను.

సముద్రపు పోటు ఆగి, నీళ్ళు వెనక్కి తీసే పాటు మొదలయ్యే సందులో నది కాసేపు కదలకుండా నిలబడుతుంది, గాలం ఈడ్చడానికి అదే అదను. బాల్చీ జారవిడిచి ఒడ్డువారగా సాగుతున్నానో లేదో, కాలిబాట మీద నడుము చుట్టూ కొంగు బిగించి పడవతోపాటే వస్తూ మా ఆవిడ.

"నా బాల్చీ ఇచ్చీ మావా! కుళాయికి నీళ్ళొచ్చీసినాయి! సెంచా కూడా నువ్వే ఎత్తుకుపోనావా? సిగ్గునేదేటి నీకు?"

మూడు నెలల్లో ఆవిడ నాతో అన్ని మాటలు ఒకేసారి అనడం అదే మొదలు. ఒక్క తిట్టూ జారిపోకూడదని ఇంజను తగ్గించి తగ్గించి పడవని ఆవిడ నడకకి సర్దాను. అంతే, వేలి మీద తాడు జివ్వుమంది, ఆ వెంటనే గుంజింది. పన్నెండు కేజీల చేప! పడవనే వెనక్కి ఈడ్చుకుపోయింది. నిజం చెప్పొద్దూ, అప్పటికి పాటు మొదలైంది, ఈడ్చింది నది.

"వదలకు మావా! కాలు తెగిపోయినా వదలకు!" అని ఒడ్డున గెంతుతోంది మా ఆవిడ, నవ్వుతోంది కూడా.

ఆ సాయంత్రం కుళాయి దగ్గరున్న ఇళ్ళన్నింటికీ తలో ముక్క పంచింది. బెంగాలీ ఆడవాళ్ళు వదినా అన్నట్టు బౌదీ అని పిలిచి కూరెలా వండాలో సైగలతో చెప్పారు. ఆదివారం వచ్చింది, నేను మూట వైపు చూడలేదు, ఆవిడ దాని ఊసెత్తలేదు. సోమవారం పొద్దున్న అందులోంచే ఓ చీర తీసి కట్టుకుంది.

ఆ తర్వాత నీళ్ళు నిలబడే వేళకల్లా ఒడ్డుకి వచ్చేది. ఆ వేళ రోజూ కొంత జరుగుతూ పోయినా నాకన్నా ముందు తనే పసిగట్టేది. ఆవిడ నడిచేది, నేను ఆవిడకి సమంగా పడవ పోనిచ్చేవాణ్ణి. కొన్నేళ్ళకి దాదా కొత్త ఇంజను పెట్టించాడు, అది ఎంత చెబితే అంత నెమ్మది. ఇక బాల్చీ అక్కర్లేదు, ఆవిడ నడకా అక్కర్లేదు. కానీ నేను చెప్పలేదు. ఆ ఒంటి గదిలో తనకి మాత్రం ఎవరున్నారు, ఈ నడకైనా ఉండనీ అనుకున్నాను. పడవ అమ్మేసేదాకా నడిచింది.

పోయినేడు ఆఖరి రోజుల్లో ఆవిడ మంచం మీదున్నప్పుడు ఈ ఘనకార్యం బయటపెట్టాను, నీకోసమే దాచానే అని. కళ్ళు తెరవకుండానే అంది, "ఇంజను సప్పుడు మారితే నాకు తెల్దేటి? నీళ్ళ మీద ఒక్కడివీ ఉంటావు, నీతోటి ఎవులు మాటాడతారని వొచ్చీదాన్ని. గొప్పలు సెప్పకు."

ఇప్పుడు ఒడ్డున నడిచేది నేను. నది మీద లాంచీలు ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతాయి, ఒడ్డున పోయే మనిషిని చూసి ఇంజను తగ్గించేవాడు ఒక్కడూ కనపడడు. ఇంట్లోనూ అంతే. మా అమ్మాయికి ఆ చేప పన్నెండు కేజీలని చెబితే అవునా నాన్నా అంటుంది, ఇరవై అన్నా అవునా నాన్నా అనే అంటుంది, పాపం తన పనుల్లో తనుంటుంది. నేను పన్నెండు అనగానే వంటింట్లోంచి నాలుగు అని ఆవిడ గొంతు గట్టిగా వినపడేది ఒకప్పుడు. తూచిన దాదా కూడా నాలుగే అన్నాడు.

అందుకని నీళ్ళు నిలబడే వేళ చూసుకుని వెళ్ళి, ఆవిడ నడిచినంత నిదానంగా నడుస్తాను. గడియారం బుర్రుమంటుంది, అననీ. ఘాట్ మెట్ల దగ్గర పన్నెండు కేజీలతో బయల్దేరతాను, పాత గోదాము గోడ దాకా వచ్చేసరికి, కాదనేవాళ్ళెవరూ పక్కన లేరు కనక, నాకు నేనే నాలుగుకి దిగొస్తాను.